పోయినవే పంపడం: యూడీపీ మీద సాక్ రాస్తున్న డైరీ

మొదలు

యూడీపీ (పంపింది చేరిందో లేదో చూడని పంపక పద్ధతి) మీద ఫైళ్ళు పంపే చిన్న ప్రోగ్రాం ఒకటి సీ భాషలో రాసుకుని వాడుతున్నాను. రెండు చివర్లా నా కోడే. ఇప్పటిదాకా అందులో ఉన్నది గో-బ్యాక్-ఎన్ పద్ధతి. మధ్యలో ఒక్క ప్యాకెట్ పోయినా అక్కణ్ణుంచి ఉన్నవన్నీ మళ్ళీ పంపుతుంది. రాయడం తేలిక, నడిపితే దుబారా.

ఎంత దుబారానో ముందు కాగితం మీద చూసుకున్నాను. విండో (జవాబు రాకముందే దారిలో ఉండగల ప్యాకెట్లు) 256 ప్యాకెట్లు, ప్యాకెట్‌కు 1200 బైట్లు, ఆర్‌టీటీ (ప్యాకెట్ వెళ్ళి జవాబు రావడానికి పట్టే సమయం) 100 మిల్లీసెకన్లు. ఏమీ పోకపోతే సెకనుకు 24.6 మెగాబిట్లు వెళ్తాయి. నూటికి రెండు ప్యాకెట్లు పోయే లింకులో గో-బ్యాక్-ఎన్‌కి పాఠ్యపుస్తకాల్లో ఉండే సూత్రం వేస్తే, 0.98ని 6.1తో భాగించాలి. వచ్చేది 16 శాతం. పోయినవి మాత్రమే మళ్ళీ పంపగలిగితే 98 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్నాక ఇక ఆలోచించేదేం లేదు, సాక్ (ఏవేవి అందాయో విడివిడిగా చెప్పే జవాబు) రాయాల్సిందే.

ఆఫీసులో పక్క సీటు కుర్రాడు విని, "టీసీపీలో ఎప్పట్నుంచో ఉందిగా అన్నా, మళ్ళీ నువ్వు రాయడమెందుకు?" అన్నాడు. ఉంది. టీసీపీ అంటే పోయినవి తానే చూసుకుని మళ్ళీ పంపే పద్ధతి. దాని సాక్‌కి 1988లోనే ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ నియమాలు రాసిపెట్టే పత్రం) 1072లో మొదటి రూపం వచ్చింది. 1992లో ఆర్‌ఎఫ్‌సీ 1323 రాసేటప్పుడు ఇంకా పని ఉందని దాన్ని పక్కన పెట్టేశారు. చివరికి అక్టోబర్ 1996లో మాథిస్, మహదావి, ఫ్లాయిడ్, రోమనో కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2018తో స్థిరపడింది. "అది లైనక్స్ కెర్నెల్లో ఉంది రా, నా ప్రోగ్రాంలో లేదు" అన్నాను. అసలు కారణం వేరే. కెర్నెల్లో ఉన్న ఆ కోడు ఎన్నోసార్లు చదివాను, ప్రతిసారీ అర్థమైనట్టే ఉంటుంది. సొంతంగా రాస్తే తప్ప తేలదు.

వారపత్రిక సీరియల్ దాచి బైండు చేయించుకునే ఇళ్ళవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 41వ భాగం దాకా ఉంది, 42 పోస్టులో పోయింది, 43 నుంచి 50 దాకా వచ్చాయి. పత్రికాఫీసుకి "41 వరకు అందాయి" అని మాత్రమే ఉత్తరం రాస్తే వాళ్ళు 42 నుంచి కట్టంతా మళ్ళీ పంపుతారు. "43 నుంచి 50 కూడా నా దగ్గరున్నాయి" అని ఒక్క ముక్క చేరిస్తే 42 ఒక్కటే వస్తుంది. సాక్ అంటే ఆ ఒక్క ముక్కే. దాన్ని రాయడం రిసీవర్‌కి పెద్ద పని కాదు. చదివి ఏది నమ్మాలో, ఎప్పుడు కదలాలో తేల్చుకోవాల్సింది సెండర్. కోడులో ముప్పావు వంతు అక్కడే ఖర్చవుతుందని అనుకుంటున్నాను.

పరీక్షల ఏర్పాటు

లాప్‌టాప్‌లోనే రెండు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (వేరు వేరు కంప్యూటర్లలా నడిచే చోట్లు), మధ్యలో ఒక వీఈత్ జత (వాటిని కలిపే ఉత్తుత్తి తీగ). టీసీ కమాండుతో రెండు చివర్లా నెటెమ్ (ఆలస్యం, నష్టం కావాలని కలిపే సాధనం) పెట్టి ఒక్కో వైపు 50 మిల్లీసెకన్ల ఆలస్యం ఇచ్చాను. నెటెమ్ బయటికి వెళ్ళే ప్యాకెట్లనే పట్టుకుంటుంది కాబట్టి ఒక వైపు పెడితే సరిపోదు. దాని క్యూ పరిమితి మామూలుగా 1000 ప్యాకెట్లు. ఆలస్యం, వేగం రెండూ పెంచినప్పుడు ఆ క్యూ నిండి, మనం అడగని నష్టం కూడా వచ్చి కలుస్తుంది. నాకు 256 విండో కాబట్టి ఆ బెడద లేదు.

పోలికకి టీసీపీని కూడా ఇదే లింకు మీద పరుగెత్తించాలంటే ముందు ఈత్‌టూల్‌తో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ (చాలా ప్యాకెట్లని ఒక ముద్దగా కిందికి పంపే సదుపాయాలు) ఆపేయాలి. లేకపోతే నెటెమ్ ఒక్క ప్యాకెట్ పారేశాననుకుని కొన్నిసార్లు 64 కిలోబైట్ల దాకా ఉన్న ముద్దని పారేస్తుంది, నష్టం శాతానికి అర్థమే ఉండదు.

యాదృచ్ఛిక నష్టం ఒక్కటే నమ్ముకుంటే బగ్గు మళ్ళీ దొరకదు. అందుకని రిసీవర్‌లో చిన్న మీట పెట్టాను. ఏ నంబరు ప్యాకెట్‌ని, దాని ఎన్నో ప్రయత్నంలో పారేయాలో ఒక ఫైలులో రాసిస్తే అలాగే పారేస్తుంది. "17ని మొదటిసారీ, రెండోసారీ పారేయి" అని రాయగలగడం ముందు ముందు చాలా పనికొచ్చింది.

యాక్ రూపం

యాక్ అంటే అందిందని రిసీవర్ పంపే జవాబు. టీసీపీలో సాక్ అంటే దాని హెడర్‌కి చేర్చే ఆప్షన్. రకం 5, ఒక్కో బ్లాకుకి మొదలు, చివర కలిపి 8 బైట్లు. ఆప్షన్లన్నిటికీ కలిపి ఉన్న చోటు 40 బైట్లే. అంటే 4 బ్లాకులు, టైమ్‌స్టాంపులు కూడా వాడితే 3. కొరత ఉంది కాబట్టే నియమాలు పుట్టాయి: ఈ యాక్‌కి కారణమైన ప్యాకెట్ ఉన్న బ్లాకు మొదట రావాలి, పాత బ్లాకుల్ని వరుస యాక్‌లలో మళ్ళీ మళ్ళీ చెప్పాలి. మధ్యలో యాక్‌లు పోయినా సమాచారం పోకుండా ఇది జాగ్రత్త.

నాకా ఇరుకు లేదు. విండో 256 కాబట్టి 256 బిట్ల బిట్‌మ్యాప్ (ప్యాకెట్‌కి ఒక బిట్, అందితే 1) పంపితే 32 బైట్లతో తేలిపోతుంది. ఏ ఒక్క యాక్ చేరినా రిసీవర్ దగ్గరున్నదంతా తెలుస్తుంది. ఎస్‌సీటీపీ అనే మరో పద్ధతిలో లాగా 4 బైట్ల బ్లాకులు వాడితే 8 రంధ్రాల (మధ్యలో పోయిన చోట్ల) దాకా అదే లాభం, ఆ పైన బిట్‌మ్యాప్‌దే. వేల ప్యాకెట్ల విండో అయ్యుంటే మాత్రం యూడీపీ మీదే నడిచే క్విక్‌లో లాగా రేంజ్‌లకే (ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా అని చెప్పడానికే) వెళ్ళేవాణ్ణి.

బిట్‌మ్యాప్‌తో ఒక లోటు ఉంది. ఏ ప్యాకెట్ వచ్చినందుకు ఈ యాక్ పుట్టిందో దాంట్లో కనపడదు. టీసీపీలో మొదటి బ్లాకు చెప్పేది సరిగ్గా అదే. అందుకని మరో మూడు ఫీల్డులు: కారణమైన ప్యాకెట్ నంబరు, అది ఎన్నో ప్రయత్నంలో వచ్చింది, ఇదివరకే ఉన్న ప్యాకెట్ మళ్ళీ వచ్చిందా అన్న ఒక జెండా. ఆ జెండా ఆర్‌ఎఫ్‌సీ 2883లోని డీ-సాక్‌కి నా పొట్టి రూపం. ప్రయత్నం నంబరు వెనక్కి రావడంతో కార్న్ చెప్పిన చిక్కు కూడా పోయింది. మళ్ళీ పంపిన ప్యాకెట్‌కి యాక్ వస్తే అది మొదటిదానికా రెండోదానికా అన్న అనుమానం ఉండదు, ఆర్‌టీటీ కొలతకి నిశ్చింతగా వాడుకోవచ్చు.

సీక్వెన్స్ నంబర్లు 32 బిట్లు, లెక్క ప్యాకెట్లలో. టీసీపీ బైట్లు లెక్కపెడుతుంది కాబట్టి 4 గిగాబైట్లకే చుట్టు తిరుగుతుంది. నాకు 5 టెరాబైట్లు దాటాలి. అయినా పోలికలన్నీ తీసివేసి, వచ్చినదాన్ని సైన్డ్ పూర్ణాంకంగా చూసే పద్ధతిలోనే రాశాను. పరీక్షల్లో మొదటి నంబరు 4294967200 పెడుతున్నాను. 96 ప్యాకెట్లు వెళ్ళేసరికి సున్నా దాటుతుంది, ఇంక టెరాబైట్లు పంపి చూడనక్కర్లేదు.

మాటా, సమాచారమా

ఇవాళ కోడు పెద్దగా రాయలేదు గానీ ఒక నిర్ణయం తీసుకున్నాను. మిగతా అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఆర్‌ఎఫ్‌సీ 2018 ప్రకారం సాక్ సమాచారం మాత్రమే. "43 నుంచి 50 నా దగ్గరున్నాయి" అని చెప్పిన రిసీవర్, జ్ఞాపకం చాలకపోతే వాటిని పారేయవచ్చు. దీన్ని రెనెగింగ్ అంటారు. అందువల్ల క్యుములేటివ్ యాక్ ("ఇక్కడిదాకా అన్నీ అందాయి" అనేది) వచ్చేదాకా సెండర్ ఏదీ వదిలేయకూడదు. టైమౌట్ అయితే (జవాబు కోసం పెట్టుకున్న గడువు దాటితే) సాక్ గుర్తులన్నీ చెరిపేసుకోవాలి కూడా. క్విక్ దీనికి ఎదురుదారి పట్టింది. ఆర్‌ఎఫ్‌సీ 9000లో ఒకసారి యాక్ చేస్తే చేసినట్టే, వెనక్కి తీసుకోవడం లేదు.

నేను క్విక్ వైపే మొగ్గాను. రిసీవర్ మొదలవగానే 256 ప్యాకెట్లకు సరిపడా 307200 బైట్లు కేటాయించుకుంటుంది. పారేయాల్సిన అవసరమే రాదు కాబట్టి మాట ఇవ్వగలదు. లక్షల కనెక్షన్లు మోసే సర్వర్‌లో ఒక్కోదానికి ఇంత ముందే కట్టబెట్టడం కుదరదు, టీసీపీ ఆ సందు ఉంచుకోవడంలో అర్థముంది. నాకున్నది ఒకటే కనెక్షన్.

దీనివల్ల కలిసొచ్చేది జ్ఞాపకం కాదు. ఫైలు ఎలాగూ డిస్కులోనే ఉంది, కావాలంటే మళ్ళీ చదువుకోవచ్చు. కలిసొచ్చేది రెండు చోట్ల. ఒకటి, బిట్లు ఎక్కడమే గానీ దిగడం ఉండదు కాబట్టి యాక్‌లు వెనకాముందుగా వచ్చినా ఫరవాలేదు, పాతదాన్నీ కొత్తదాన్నీ బిట్లవారీగా ఓఆర్ చేసేస్తే (ఏ ఒక్కదాంట్లో 1 ఉన్నా 1) సరి. రెండు, టైమౌట్ తర్వాత కూడా స్కోర్‌బోర్డ్ (ఏవి చేరాయో సెండర్ రాసుకునే పట్టీ) అలాగే ఉంటుంది. టీసీపీ నియమమే పాటిస్తే ఒక రంధ్రం కోసం అయిన టైమౌట్‌కి, అవతల భద్రంగా ఉన్న మిగతా 255 సంగతీ మర్చిపోవాలి.

స్కోర్‌బోర్డ్

సెండర్ వైపు 256 గదుల వలయం. సీక్వెన్స్ నంబరులో కింది 8 బిట్లే గది సంఖ్య. గదిలో పంపిన సమయం, ప్రయత్నం, స్థితి. యాక్ రాగానే బిట్‌మ్యాప్‌ని జరిపి నాలుగు 64 బిట్ల ముక్కలుగా పోలిస్తే కొత్తగా ఎక్కిన బిట్లు బయటపడతాయి. లైనక్స్ పెద్ద విండోల కోసం రీట్రాన్స్‌మిట్ క్యూని 4.15 వెర్షన్ నుంచి ఆర్‌బీ-ట్రీగా (వెతకడం తేలికయ్యే చెట్టు ఆకారపు అమరికగా) మార్చింది. నా కొలతకి శ్రేణి చాలు.

పోయిందని తేల్చే మొదటి నియమం ఆర్‌ఎఫ్‌సీ 6675 నుంచి తీసుకున్నాను: ఒక ప్యాకెట్‌కి పైన మూడు చేరాయని తెలిస్తే ఇది పోయినట్టు. మూడే ఎందుకంటే ఫాస్ట్ రీట్రాన్స్‌మిట్ (టైమౌట్ దాకా ఆగకుండా మళ్ళీ పంపే టీసీపీ పద్ధతి) రోజుల నుంచీ అదే మూడు.

రెండు శాతం నష్టంతో నడిపి చూశాను. విండోకి సగటున ఐదు రంధ్రాలు పడుతున్నాయి. ఒక్కటీ పోకుండా 256 ప్యాకెట్లు దాటే అవకాశం ఒక శాతం కూడా లేదు. సాక్ లేని టీసీపీలో వాడే న్యూ రీనో పద్ధతిలో ఆర్‌టీటీకి ఒక రంధ్రమే పూడుతుంది కాబట్టి ఈ ఐదుకీ అర సెకను పట్టేది. ఇక్కడ ఐదూ ఒకే ఆర్‌టీటీలో పూడుతున్నాయి. వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లు చూపించే సాధనంలో) అవి వరసగా వెళ్ళడం చూస్తుంటే ముచ్చటేసింది.

ముచ్చట సెకను సేపే. ఆ తర్వాత లింకు మొత్తం నిశ్శబ్దం, ఒక సెకను ఆగి మళ్ళీ పరుగు, మళ్ళీ నిలుపు.

మళ్ళీ పంపింది మళ్ళీ పోతే

నిలుపు ఎక్కడిదో పారేసే ఫైలుతో వెంటనే తేలింది. 17ని రెండుసార్లు పారేస్తే అచ్చం అదే నిలుపు. ఇది కోడు తప్పు కాదు, నియమంలోనే ఉంది. పైన మూడు చేరితే పోయినట్టే అనుకుని 17ని మళ్ళీ పంపాం. తర్వాతి యాక్ వచ్చేసరికి కూడా పైన మూడు చేరే ఉన్నాయి. ఆ లెక్కన ప్రతి యాక్‌కీ 17 మళ్ళీ వెళ్ళాలి. అలా వరద పారకుండా ఆర్‌ఎఫ్‌సీ 6675 హై-ఆర్‌ఎక్స్‌టీ అని ఒక గుర్తు పెడుతుంది: ఒకసారి మళ్ళీ పంపిన చోటు దాటితే వెనక్కి చూడదు. ఆ రెండోదీ పోతే ఇక దిక్కు టైమౌట్ ఒక్కటే. ఆర్‌ఎఫ్‌సీ 6298లో టైమౌట్ కనీసం ఒక సెకను. లైనక్స్ దాన్ని 200 మిల్లీసెకన్లకు దించుకుంది, నేను ఆర్‌ఎఫ్‌సీ మాటే పెట్టాను.

ఎంత తరచుగా జరుగుతుంది? ఆర్‌టీటీకి ఐదు రంధ్రాలు, పూడ్చడానికి పంపినవాటిలోనూ రెండు శాతం పోతాయి. అంటే పది ఆర్‌టీటీలకు ఒకసారి, సుమారు సెకనుకి ఒకసారి. సెకను పరిగెత్తి సెకను నిలబడటం లెక్క ప్రకారమే జరుగుతోంది.

దీనికి మందు సీక్వెన్స్ నంబరు వదిలి పంపిన వరుస చూడటం. ప్రతి పంపకానికీ, కొత్తదైనా మళ్ళీ పంపిందైనా, ఒక వరుస సంఖ్య ఇచ్చాను. నా తర్వాత పంపినవి మూడు చేరాయంటే నేను పోయినట్టు, సీక్వెన్సులో నేను ముందున్నా వెనకున్నా సరే. క్విక్‌లో మళ్ళీ పంపిన డేటాకి కూడా కొత్త ప్యాకెట్ నంబరు ఇవ్వడం వెనకున్న తెలివి ఇదే. అక్కడ అది సహజంగా వస్తుంది, నాకు పక్కన పట్టీ పెట్టుకోవాల్సి వచ్చింది. మళ్ళీ పంపిన ప్యాకెట్ తాలూకు యాక్ పోయి, దాని సంగతి తర్వాతి యాక్ బిట్‌మ్యాప్‌లో మాత్రమే కనిపిస్తే అది ఎన్నో ప్రయత్నమో తెలియదు. అలాంటివాటిని వరుస లెక్కలోకి తీసుకోవడం లేదు. ఒక యాక్ ఆలస్యమైనా అవుతుంది గానీ తప్పు తీర్పు రాదు.

నిలుపులు పోయాయి. 17ని నాలుగుసార్లు పారేసినా ప్రతిసారీ ఒక ఆర్‌టీటీ పైన కాస్త సమయంలో మళ్ళీ వెళ్తోంది.

జిట్టర్ పెడితే

నష్టం తీసేసి, డేటా వెళ్ళే వైపు ఆలస్యాన్ని 50కి అటూ ఇటూ 10 మిల్లీసెకన్లు ఊగేలా మార్చాను. ఒక్క ప్యాకెట్ కూడా పోవడం లేదు. అయినా రీట్రాన్స్‌మిషన్లు కుప్పలుగా వెళ్తున్నాయి, డూప్లికేట్ జెండా ఉన్న యాక్‌లు అంతే కుప్పలుగా తిరిగొస్తున్నాయి. నెటెమ్ ప్రతి ప్యాకెట్‌కీ ఆలస్యాన్ని విడివిడిగా వేస్తుంది కాబట్టి జిట్టర్ అంటే క్రమం తారుమారు అవడమే. ప్యాకెట్ల మధ్య ఎడం సుమారు 0.39 మిల్లీసెకన్లు, ఊగేది మొత్తం 20 మిల్లీసెకన్లు. ఒక ప్యాకెట్ యాభై స్థానాలు వెనకబడొచ్చు. అలాంటి చోట 'మూడు' అన్న సంఖ్యకి విలువే లేదు, పోనీ యాభై పెడదామంటే మామూలు లింకులో నష్టం పట్టుకోవడం అంత ఆలస్యమవుతుంది.

ఇక్కడే ర్యాక్ అనే, నష్టం పట్టుకునే పద్ధతి గొప్పదనం తెలిసింది. ఫిబ్రవరి 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8985, రాసినవాళ్ళు యూచుంగ్ చెంగ్, నీల్ కార్డ్‌వెల్, నందితా దుక్కిపాటి, ప్రియరంజన్ ఝా. ప్యాకెట్లు లెక్కపెట్టడం మానేసి గడియారం చూడమంటుంది. నా తర్వాత పంపింది చేరింది, నాకింకా కబురు లేదు, అయినా కొంత గడువు ఇస్తారు. ఆ గడువు కనిష్ఠ ఆర్‌టీటీలో నాలుగో వంతుతో మొదలవుతుంది. నా లింకులో కనిష్ఠం 90, నాలుగో వంతు 22.5 మిల్లీసెకన్లు. ఊగిసలాట 20. సరిగ్గా పట్టింది, అనవసరపు పంపకాలు దాదాపు ఆగిపోయాయి.

ర్యాక్ అంతటితో వదలదు. డీ-సాక్‌లు వస్తే గడువుని మరో నాలుగో వంతు చొప్పున పెంచుతుంది, ఎస్‌ఆర్‌టీటీ (సగటు తీసిన ఆర్‌టీటీ) దాటకుండా. క్రమం తప్పడం ఇంకా కనబడని లింకులో, పైన మూడు చేరాయంటే గడువే ఇవ్వదు. అలా పాత 'మూడు' కూడా బతికే ఉంది. ఈ రెండూ చేర్చాక నా పోయిందా-లేదా ఫంక్షన్ మొదటి రూపం కన్నా పొట్టిదైంది. ఇది నేను ఊహించలేదు.

చివరి ప్యాకెట్

పైన చెప్పిన నియమాలన్నిటికీ ఒక గుడ్డి చోటు ఉంది. ఫైలులో ఆఖరి ప్యాకెట్ పోతే దాని తర్వాత పంపింది ఏదీ లేదు, సాక్ రాదు. మళ్ళీ ఒక సెకను టైమౌట్. పెద్ద ఫైలులో ఎవరికీ కనపడదు. పది ప్యాకెట్ల ఫైలుకి అదే అసలు ఖర్చు. ర్యాక్‌కి జంట అయిన టీఎల్‌పీ దీనికే: ఎస్‌ఆర్‌టీటీకి రెండింతల సేపు ఏ కబురూ లేకపోతే చివరి ప్యాకెట్‌ని ఒకసారి మళ్ళీ పంపు. చివరి ఐదూ పోయినా ఈ ఒక్కటి చేరితే చాలు, దాని యాక్‌లోని బిట్‌మ్యాప్ మిగతా నాలుగు రంధ్రాల్నీ బయటపెడుతుంది. ఒక సెకను కాస్తా 200 మిల్లీసెకన్లయింది. టైమర్ ఒకటి, కోడు చాలా తక్కువ.

నమ్మకూడని యాక్

జూన్ 2019లో బయటపడ్డ సాక్ ప్యానిక్ అనే లైనక్స్ లోపం గురించి మళ్ళీ చదివాను. అవతలివాడు ఎంఎస్‌ఎస్ (ఒక సెగ్మెంట్ గరిష్ఠ పరిమాణం) 48 అని ఒప్పించి, తెలివిగా అల్లిన సాక్‌లు పంపితే లైనక్స్ కెర్నెల్ కూలిపోయేది. ఆప్షన్లకి 40 పోతే ఒక్కో సెగ్మెంట్లో డేటాకి 8 బైట్లే మిగులుతాయి. ఒక బఫర్‌లో 17 ముక్కలు, ఒక్కోటి 32 కిలోబైట్లు. అంటే 69632 సెగ్మెంట్లు. వాటిని లెక్కపెట్టే కౌంటర్ 16 బిట్లది, 65535 దగ్గర పొంగింది. ప్యాచ్ వచ్చేదాకా తాత్కాలికంగా సాక్‌నే ఆపేసుకోవడం అప్పుడు సూచించిన దారుల్లో ఒకటి.

నా దాంట్లో ముక్కలు కలపడం లేదు, కానీ నమ్మకం అలాగే ఉంది. నేను పంపని ప్యాకెట్‌కి బిట్ ఎక్కి వస్తే? క్యుములేటివ్ నంబరు నేను పంపిన చివరిదాన్ని దాటి ఉంటే? అలాంటి యాక్‌ని మొత్తంగా పారేస్తున్నాను, సగం నమ్మి సగం వదలడం లేదు. కారణమైన ప్యాకెట్ నంబరు, ప్రయత్నం నంబరు నిజంగా పంపినవేనా అన్నది కూడా స్కోర్‌బోర్డ్ ముట్టుకునే ముందే కోడు చూస్తోంది. యాదృచ్ఛిక బైట్లతో రాత్రంతా కొట్టించాను, తట్టుకుంది.

ఇప్పటికి

దీన్ని ఇంటి వైఫై దాటించడం లేదు. విండో స్థిరం, కంజెషన్ కంట్రోల్ (రద్దీని బట్టి వేగం తగ్గించుకోవడం) అసలు లేదు. బయటి నెట్‌వర్క్ మీద ఇలాంటిది వదలడం పక్కవాళ్ళ ప్యాకెట్లు తొక్కుకుంటూ పోవడమే. అది చేర్చాక ఈ 98 శాతం మురిపెం ఉండదని కూడా తెలుసు. టీసీపీ వేగాన్ని అంచనా వేసే మాథిస్ సూత్రంలో ఇవే అంకెలు వేస్తే, పాత టీసీపీ అయిన రీనో తరహా కంట్రోల్‌తో రెండు శాతం నష్టం దగ్గర వచ్చేది సెకనుకు 0.83 మెగాబిట్లు. సాక్ రంధ్రాలు పూడుస్తుంది, అంతవరకే. నష్టాన్ని చూసి వేగం తగ్గించుకోవడం వేరే యంత్రాంగం, దాన్ని సాక్ ఆపదు.

దానికన్నా ముందు యాక్‌ల సంఖ్య తగ్గించాలి. ఇప్పుడు ప్యాకెట్‌కి ఒక యాక్ చొప్పున ఆర్‌టీటీకి 256 వెళ్తున్నాయి. బిట్‌మ్యాప్‌లో అంతా ఉంటుంది కాబట్టి నాలుగింటికి ఒకటి పంపినా నష్టం పట్టుకోగలగాలి. కానీ కారణమైన ప్యాకెట్ అన్న ఫీల్డు అప్పుడు నాలుగింటిలో ఒకదానికే వర్తిస్తుంది, మిగతా మూడింటిలో మళ్ళీ పంపినది ఉంటే దాని ప్రయత్నం నంబరు తెలియదు. రంధ్రం పూడ్చిన ప్యాకెట్ వస్తే మాత్రం ఆగకుండా వెంటనే యాక్ పంపాలనుకుంటున్నాను. ఈ వారాంతం ఆ మార్పు.